పళ్లెం కిటికీ

మేం దిగేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. జనవరి నెల. మైనస్ ముప్ఫై ఎనిమిది, గాలి కలుపుకుంటే ఇంకా ఎక్కువ. విమానం ఇంజన్లు ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్ట్ కావు. ర్యాంప్ దిగి నాలుగడుగులు వేసేలోపే ముక్కులో వెంట్రుకలు బిర్రబిగిశాయి. కన్ను ఆర్పితే రెప్పలు అతుక్కున్నాయి. సామాను దించడానికి ఇరవై నిమిషాలు ఇచ్చారు. దించాం. విమానం వెళ్లిపోయింది.

క్యాంపు పేరు చెప్పను. కెనడాలో అంటారియో దాటి ఇంకా ఉత్తరాన. ఒక రన్‌వే, ఒక గడ్డకట్టిన సరస్సు, దాని ఒడ్డున వరసగా రేకుల గుడిసెలు. వాటిని హట్లు అంటాం. చెట్లు లేవు. రోడ్డు లేదు. రావాలన్నా పోవాలన్నా విమానమే, అదీ వాతావరణం దయతలిస్తే.

తిరిగొచ్చాక మనవాళ్లు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతుంటారు. ఎలుగుబంటి కనిపించిందా? అంత చలిలో బాత్రూమ్‌కి ఎలా వెళ్తారు? ఎలుగుబంటి కనిపించలేదు. బాత్రూమ్‌కి పరిగెత్తుకుంటూ వెళ్తాం. అడగని సంగతి ఒకటి ఉంది. అక్కడ కొందరు మనుషులను చూసి నాకు రోత పుట్టింది. ఆ రోత ఇంకా పోలేదు. అదే రాస్తున్నాను.

నేను రిజర్వ్ సైనికుణ్ని. మామూలు రోజుల్లో వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్టులు బాగుచేసేవాణ్ని. సైన్యంలోనూ అదే పని: మంచు మీద నడిచే స్నో మెషిన్లు, జనరేటర్లు, హీటర్లు. ఆ చలికాలమంతటికీ నన్ను ఫుల్‌టైమ్ తీసుకున్నారు. బాగా చేస్తే పర్మనెంట్‌కి రికమెండ్ చేస్తామన్నారు. మా ఆవిడ ఆ మాట పట్టుకుని సంబరపడింది.

మొదటి రోజు సాయంత్రం సార్జెంట్ అందర్నీ నిలబెట్టి కిట్ గురించి చెప్పాడు. చేతులకి మూడు పొరల గ్లౌజులు. తడిసిన సాక్స్ ఒక్క నిమిషం కూడా ఉంచుకోవద్దు. ఆఖరికి రేడియో బ్యాటరీ పైకెత్తి చూపించాడు.

“ఇది మీ చంటిపిల్ల. పార్కా కోటు లోపల, చంక దగ్గర, ఒంటికి ఆనించుకుని మొయ్యండి. బయట పెడితే పావుగంటలో చస్తుంది. తర్వాత మీరు చస్తారు.”

ఈ మాట గుర్తుంచుకోండి. చెప్పింది సార్జెంటే.

ఇక సిగ్నలర్. రేడియో అతని పని. వాన్‌లో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ కార్లో పది నిమిషాలు. ఇది రాస్తానంటే పేరు మాత్రం వద్దన్నాడు. యూదుడు. నెత్తి మీద యూనిఫామ్ రంగులోనే అరచేయంత గుడ్డ టోపీ ఉండేది. జారకుండా దానికో పిన్ను. రూల్స్ ప్రకారం అనుమతి ఉన్నదే.

నా పేరు దానియేలు అనగానే నవ్వాడు. మా నాన్న యాకోబు, పిన్ని ఎస్తేరు, మేనమామ సొలొమోను అని చెప్పేసరికి కడుపు పట్టుకున్నాడు.

“ఇండియాలో సముద్రం పక్క ఊళ్లో మీ ఇంటి నిండా మా తాతల పేర్లేనా?”

“కాకినాడ దగ్గర వీధి మొత్తం మీవాళ్లే. మీకు కూడని రొయ్యల వేపుడు మాత్రం మానరు.”

శుక్రవారం పొద్దు గూకిన దగ్గర్నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకి విశ్రాంతి దినం. అతను స్విచ్ వెయ్యడు, రేడియో ముట్టడు. బదులుగా ఆదివారం డ్యూటీలన్నీ తనే చేసేవాడు. రెండో సిగ్నలర్‌కి అది మహా సుఖం. మిగతావాళ్లు ఆదివారం అతని పుణ్యాన హాయిగా ఉండి, శనివారం అతన్ని చూసి నవ్వేవాళ్లు. సార్జెంట్ అయితే, యూదులంటే డబ్బు మనుషులనే పాత ఎగతాళితో, పేరే మార్చేశాడు. “ఏం బ్యాంకరూ, ఇవాళ నీకు లైట్ ఎవరు వెయ్యాలి?” ఒకసారి అతని బూట్ల పక్కన చిల్లర విసిరారు, వంగి ఏరుకుంటాడేమోనని. హట్ అంతా పళ్లికిలించింది. అతను కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

“నీకు కోపం రాదా?” అన్నాను బయటికొచ్చాక.

“వస్తుంది. రోజూ వస్తే పని చెయ్యలేను. అందుకని దాచుకుంటాను.”

నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం. పొద్దున్నే గాలి లేచింది. సరస్సు అవతలి ఒడ్డున ఇంధనం పీపాలు చూసి రమ్మని సార్జెంట్‌నీ డ్రైవర్‌నీ పంపారు. రెండు స్నో మెషిన్లు, వెనక లాక్కెళ్లే చక్రాల్లేని బండి, స్లెడ్జి. దారి పొడుగునా మంచులో పాతిన కర్రలుంటాయి, వాటికి నంబర్లు. డ్రైవర్ అంటారియోలోని కేంబ్రిడ్జ్ కుర్రాడు, ఫ్యాక్టరీలో పనిచేస్తూ రిజర్వ్‌లో చేరినవాడు.

రేడియో హట్‌లో హీటర్ పొగ కక్కుతోందని నన్ను పిలిచారు. వెళ్లేసరికి ఒంటిగంట. డ్యూటీలో ఉన్న రెండో సిగ్నలర్ కడుపు పట్టుకుని వాంతులు. అతన్ని మెడికల్ హట్‌కి తీసుకెళ్లారు. బదులు మనిషి దొరికేదాకా హట్ ఖాళీగా ఉండకూడదని మా సిగ్నలర్ వచ్చి మూల కూర్చున్నాడు. ప్రార్థన పుస్తకం చదువుకుంటున్నాడు. నేను హీటర్ కింద వెల్లకిలా పడుకుని పైపు విప్పుతున్నాను. రేడియో నా తలకి చేతికందే దూరంలో ఉంది. గంటకు పైగా మూగగా ఉంది. చిన్న గరగర కూడా లేదు.

రెండూ పదికి అది మాట్లాడింది. డ్రైవర్ గొంతు. పళ్లు కొట్టుకుంటున్నాయి. జీరో అంటే మా హట్, త్రీ అంటే వాళ్లు.

“జీరో, దిస్ ఈజ్ త్రీ... నీళ్లు... మెషిన్ దిగబడింది... నేను నడుం దాకా...”

నేను హీటర్ కిందనుంచి బయటికి రాకముందే సిగ్నలర్ చేతిలో హ్యాండ్‌సెట్ ఉంది. పుస్తకం నేల మీద పడి ఉంది.

“త్రీ, దిస్ ఈజ్ జీరో. వింటున్నాను. ఏ మార్కర్ దగ్గర?”

“ఏడు... ఏడో...”

అంతే. తెగిపోయింది. అతను మళ్లీ మళ్లీ పిలిచాడు. రెండో చేత్తో క్యాంపు పెద్ద కెప్టెన్‌కి ఫోన్ చేశాడు. నాలుగు నిమిషాల్లో రెస్క్యూ బండి కదిలింది. మంచు మీద నీళ్లూరి, పైన పొడి మంచు కప్పేసిన చోట మెషిన్ దిగబడిందట. ఏడో కర్ర దగ్గరే ఇద్దరూ దొరికారు. సార్జెంట్‌కి ఏమీ కాలేదు. డ్రైవర్ ఎడమ కాలు కొయ్యలా బిగుసుకుపోయింది. గాలి తగ్గిన గంటసేపట్లో విమానం వచ్చి అతన్ని దక్షిణాన ఆస్పత్రికి తీసుకెళ్లింది.

హట్‌లో మేమిద్దరమే మిగిలాక అడిగాను. “ఇవాళ శనివారం కదా?”

“ప్రాణం పోతుంటే శనివారం లేదు. మా దగ్గర అదే రూలు,” అన్నాడు. వంగి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, ముద్దు పెట్టుకున్నాడు.

స్లెడ్జిని వర్క్‌షాప్‌కి తెచ్చారు. విప్పింది నేనే. టార్పాలిన్ కింద, గొడ్డలి పక్కన, తాడుతో కట్టేసి ఉంది బ్యాటరీల సంచి. మొత్తం తెల్లగా మంచు పట్టి ఉంది. ఒకటి చేతిలోకి తీసుకుంటే ఇటుక ముక్కలా ఉంది. చంటిపిల్ల అన్నాడే, ఆ చంటిపిల్లని స్లెడ్జిలో పడేసి వెళ్లాడు మహానుభావుడు.

సాయంత్రానికి సార్జెంట్ కథ క్యాంపంతా తిరిగింది. ఒంటిగంట నుంచి పిలుస్తూనే ఉన్నాడట. హట్‌లో బ్యాంకర్ ఒక్కడే ఉన్నాడట. శనివారం కాబట్టి ముట్టలేదట. గంట తర్వాత భయమేసి తీశాడట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చెప్పాడు వాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు నమ్మారు వీళ్లు. నమ్మడం ఎంత తేలికో చూడండి. నెలన్నరగా వాళ్లు నవ్వుకున్న విషయమే ఇప్పుడు సాక్ష్యమయింది.

ఆదివారం పొద్దున, తన డ్యూటీలో ఉండగా, సిగ్నలర్‌ని తీసుకెళ్లి గార్డ్ హట్ వెనక సెల్‌లో పెట్టారు. విధి నిర్లక్ష్యం, దానివల్ల ప్రమాదం. అంతకు రెండు వారాల ముందు ఒకడు తాగి ట్రక్కును ఇంధనం ట్యాంకుకి గుద్దాడు. వాడికి వేసింది వంటగదిలో గిన్నెలు కడిగే పని. సిగ్నలర్‌కి మాత్రం సెల్ ఎందుకని కెప్టెన్‌ని అడిగాను.

“అతని సేఫ్టీ కోసమే. డ్రైవర్ స్నేహితులు మండిపడుతున్నారు,” అన్నాడు.

కొడతామన్నవాళ్లు మెస్‌లో కూర్చుని పేకాడుతున్నారు. దెబ్బలు తినాల్సినవాడు లోపల. పులులు బయట, మేక బోనులో. నాకు కెప్టెన్ మొహం చూడబుద్ధి కాలేదు. అయినా చూసిందంతా చెప్పాను. రేడియో మోగలేదు. బ్యాటరీలు స్లెడ్జిలో ఉన్నాయి.

“నువ్వు హీటర్ కింద సుత్తితో కొడుతున్నావు. వినపడి ఉండదు.”

“సుత్తి వాడలేదు సర్. స్పానర్.”

“బ్యాటరీలు రెస్క్యూ వాళ్లు సర్ది ఉంటారు.”

“కట్టిన తాడు మీద కూడా మంచు పేరుకుని ఉంది సర్.”

“మీరిద్దరూ ఒకే ఊరివాళ్లు కదా?” అన్నాడు.

సెల్‌లో ఉంచడం సబబా కాదా తేల్చే అధికారి దక్షిణం నుంచి రావాలి. మంచు తుఫానుకి విమానం రాలేదు. వీడియోలో పెడదామన్నారు. లింక్ తెగిపోయింది. వాయిదా. మళ్లీ వాయిదా. డ్రైవర్ వాంగ్మూలం తీసుకున్నారా అంటే సర్జరీలో ఉన్నాడన్నారు. వారం దాటింది. సెల్ తలుపు మీద ఎవడో నల్ల మార్కర్‌తో ఆరు మొనల నక్షత్రం, యూదుల గుర్తు, గీశాడు. ఎవరూ తుడవలేదు. చిల్లర విసిరినవాళ్లూ, నవ్వినవాళ్లూ, చూస్తూ ఊరుకున్నవాళ్లూ... తిలా పాపం తలా పిడికెడు.

గార్డ్ హట్ హీటర్ చూడమని నన్ను పంపారు. మధ్యాహ్నం భోజనం టైమ్. గార్డు సెల్ తలుపుకున్న చిన్న కిటికీ తెరిచి పళ్లెం లోపలికి తోశాడు. నేల నుంచి నడుమెత్తులో ఉంటుంది ఆ కిటికీ. పళ్లెం పట్టేంతే. పళ్లెంలో పంది మాంసం, రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక యాపిల్. వాళ్ల మతానికి సరిపడే ప్యాకెట్లు స్టోర్‌లో అరనిండా ఉన్నాయి, నా కళ్లతో చూశాను. “దొరకలేదు” అని రోజూ ఒకటే మాట. రోజూ పందే.

“పనయ్యేదాకా మాట్లాడుకో. తలుపు మాత్రం తియ్యను,” అన్నాడు గార్డు.

కిటికీ దగ్గర వంగాను. లోపల బల్బు, పైన కెమెరా. సిగ్నలర్ టీషర్టులో ఉన్నాడు. బూట్ల లేసులు లేవు. బెల్టు లేదు. నెత్తి బోసిగా ఉంది. అలా అతన్ని ఎప్పుడూ చూడలేదు.

“టోపీ ఏది?”

“పిన్ను ఉందని తీసుకున్నారు. పిన్ను తీసేసి గుడ్డ ఇవ్వమన్నాను. ఇవ్వలేదు.”

“దుప్పటి కప్పుకోవచ్చు కదా?”

“కప్పుకున్నాను. మొహం కెమెరాకి కనపడాలని పగలు దుప్పటి కూడా లాక్కుంటున్నారు.”

బ్రెడ్డు చేతిలో పట్టుకున్నాడు. నోట్లో పెట్టుకోవడం లేదు.

“తినవేం?”

అతను సిగ్గుపడినట్టు నవ్వాడు. “బ్రెడ్డు తినేముందు మేం దేవుడి పేరు తలుస్తాం. బోసి నెత్తితో తలవకూడదని మా తాత నేర్పాడు. రోజూ ఈ యాపిల్‌ని మాత్రం ఆ మాట అనకుండా తినేస్తున్నాను, దొంగతనంగా తిన్నట్టుంటోంది. ఈ బ్రెడ్డు దగ్గర మనసొప్పడం లేదు.”

“చెయ్యి పెట్టుకో నెత్తి మీద.”

“నా చెయ్యి పనికిరాదు. చెయ్యీ తలా ఒకే ఒళ్లు కదా, కప్పినట్టు కాదు.” కిటికీలోంచి నా చేతి వంక చూశాడు. “ఇంకొకళ్ల చెయ్యి అయితే పనికొస్తుంది.”

నేను గ్లౌజు తీసేశాను. చెయ్యి నిండా హీటర్ మసి. ప్యాంటుకి తుడిచి, పళ్లెం కిటికీలోంచి భుజం దాకా లోపలికి చాచాను. రేకు అంచు చంకలో కోసుకుంది. చెంప తలుపుకి ఆనింది. ఆ నక్షత్రం గీసిన చోటే. లోపలేం జరుగుతోందో ఇక నాకు కనపడదు. అతను మోకాళ్ల మీద కూర్చున్న చప్పుడు వినిపించింది. తర్వాత తల వచ్చి నా అరచేతి కింద చేరింది.

వెచ్చగా ఉంది. జుట్టు పొట్టిగా, గరుగ్గా. అతను ఏదో చదివాడు. ఒక్క వాక్యం. గొంతులో మాట కదిలినప్పుడల్లా నా అరచేతికి అదురు తెలిసింది. బ్రెడ్డు నమిలాడు. నేను చెయ్యి తియ్యలేదు. గార్డు అటు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు కెప్టెన్ పిలిచాడు. నా వాంగ్మూలం టైప్ చేసి ఉంచాడు. పని శబ్దంలో కాల్స్ నాకు వినపడి ఉండకపోవచ్చు అని ఒక వాక్యం కొత్తగా చేరింది. పక్కనే నా పర్మనెంట్ కాగితాలు పెట్టాడు, కనపడేలా.

“ఇది అబద్ధం కాదు. జస్ట్ ఒక పాసిబిలిటీ. సంతకం పెట్టు.”

మావైపు నిజం చెబుతున్నామని నమ్మించాలంటే మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తాం. ఆ ఒట్టు తప్పితే కీడు ఆ మనిషికే. చిన్నప్పుడు అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టమంటే చాలు, దొంగిలించిన బెల్లం ముక్క నోట్లోంచి తీసి చూపించేవాణ్ని. ఇదంతా కెప్టెన్‌కి ఇంగ్లీషులో ఎలా చెప్పను? అరచేతిలో నిన్నటి వెచ్చదనం ఇంకా ఉంది.

“వినపడకపోవడం కాదు సర్. మోగలేదు,” అని కాగితం వెనక్కి తోశాను.

అక్కణ్నుంచి నేరుగా ఫోన్ హట్‌కి వెళ్లాను. సైనికులు ఇళ్లకి ఫోన్ చేసుకునే గది అది. ఆస్పత్రికి ఫోన్ చేశాను. మూడు చోట్లకి మార్చాక డ్రైవర్ దొరికాడు. మత్తు మందు గొంతు.

“నీ ప్రమాదం అతని వల్లే అని సిగ్నలర్‌ని సెల్‌లో పెట్టారు,” అన్నాను.

“ఎవర్ని?”

“సిగ్నలర్‌ని. శనివారమని గంటసేపు రేడియో తియ్యలేదట.”

అవతల మంచం కిర్రుమంది.

“నా కాల్ తీసినవాణ్నా? రేడియోలో ఉన్న బ్యాటరీ ఒంటిగంటకే చచ్చింది. మిగతావి స్లెడ్జిలో. అన్నీ రాయి. ఒకటి నా చంకలో పెట్టుకుని వెచ్చబెట్టా, గంటసేపు, తడిసిన బట్టల్లో. అది బతికిన అర నిమిషంలో అతను తీశాడు. నన్ను బతికించినవాణ్ని లోపల పెట్టారా? ఫోన్ కెప్టెన్‌కి ఇవ్వు. ఇప్పుడే ఇవ్వు.”

కెప్టెన్‌ని పిలుచుకొచ్చి ఇచ్చాను. కెప్టెన్ వింటూ ‘యెస్’ అని నాలుగుసార్లు అన్నాడు. గంటలో సెల్ తలుపు తీశారు.

సంతోషించాను, నిజమే. కానీ ఆ సంతోషంలోనూ వెగటు కలిసింది. అదే మాట నేను వారం కింద చెప్పాను. నేను చెబితే ఒకే ఊరివాళ్లం. డ్రైవర్ చెబితే సాక్ష్యం. సిగ్నలర్ చెప్పిన మాటనైతే ఎవరూ తూచను కూడా తూచలేదు. క్షమాపణ లేదు. టోపీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. పిన్ను పోయింది. సార్జెంట్‌ని దక్షిణానికి బదిలీ చేశారు. వెళ్లే ముందు మెస్‌లో కేకు కోసి చప్పట్లు కొట్టారు. నేనూ సిగ్నలరూ రేడియో హట్‌లో టీ తాగాం.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాను. పర్మనెంట్ రికమెండేషన్ రాలేదు. నేను అడగలేదు. మిగిలిన కాంట్రాక్ట్ పూర్తి చేసి సైన్యం మానేశాను. సిగ్నలర్ మానలేదు. “నేను మానేస్తే సార్జెంట్ కథే నిజమైపోతుంది,” అన్నాడు. డ్రైవర్‌కి ఎడమ కాలి వేళ్లు మూడు పోయాయి. పండక్కి మా ఇద్దరికీ ఫోన్ చేస్తాడు, ఏ పండగో కనుక్కుని మరీ.

నేను వచ్చిన ఆదివారం మా పక్క ఊరు మార్కమ్‌లో అబ్రహాం అంకుల్ ఇంట్లో భోజనం. మా చర్చిలో పెద్ద. ఇక్కడ నలభై ఏళ్లు ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. క్షేమంగా తిరిగొచ్చానని నా నెత్తి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. భోజనాల దగ్గర అడిగితే సిగ్నలర్ సంగతి చెప్పాను. అంతా విని అంకుల్ కూర కలుపుకుంటూ అన్నారు.

“అయినా కెనడాలో ఊరికే లోపలెయ్యరు బాబూ. నిప్పు లేనిదే పొగ రాదు. వాళ్ల సంగతి నీకు తెలీదు. బ్యాంకులు, మీడియా, అంతా వాళ్లే కంట్రోల్ చేస్తారు.”

“అంకుల్, మీరొచ్చిన కొత్తలో బస్సులో మిమ్మల్ని ఏమని తిట్టేవాళ్లో మీరే చెప్పారు. అక్కడ కూడా నిప్పు ఉందా?”

“అది వేరు బాబూ. ఇది వేరు.”

“మీ పేరు అబ్రహాం అంకుల్. మనవడి పేరు జాషువా. ఇల్లంతా వాళ్ల పేర్లే పెట్టుకున్నాం. పేర్లు కావాలి, మనుషులు వద్దా?”

“చికెన్ చల్లారిపోతోంది, ముందు తినండి నాన్నా,” అన్నారు ఆంటీ. మా అమ్మాయి నా చొక్కా లాగింది. “డాడీ, కెన్ వీ గో హోమ్?”

వెళ్లాం. గుమ్మం దగ్గర అంకుల్ ఎప్పటిలాగే దీవించడానికి చెయ్యెత్తారు. నేను తల వంచలేదు. పెద్దాయన చెయ్యి గాల్లో కాసేపు ఉండి, కిందికి దిగింది. ఆయన బాధపడ్డారని మా ఆవిడ దారంతా అంది. పడనీ.

ఇప్పటికీ చర్చిలో ఎవరైనా పిల్లల నెత్తి మీద చెయ్యి పెడితే నా కుడి చెయ్యి దానంతటదే తెరుచుకుంటుంది. చెంపకి చల్లటి ఇనప తలుపు తగులుతుంది. చంకలో రేకు కోసుకుంటుంది. తలుపుకి అవతల, నాకు కనపడనిచోట, ఒక మనిషి తన రొట్టె పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, నా మసి చేతి కిందికి తల తెస్తాడు.